ఎగ్జిమా రోగికి ఆసుపత్రి పడక

19వ శతాబ్దపు ప్రథమార్ధంలో యూరపులోని ఆసుపత్రికి ఒళ్లంతా ఎగ్జిమాతో రసి కారుతున్న రోగి వచ్చినట్లయితే, వైద్యుడు ముందుగా ఆలోచించినది ఈ వ్యాధిని ఎట్లు మాన్పవలెనని కాదు. అసలు మాన్పవచ్చునా అని. శరీరంలోని దుష్టరసాలు చర్మం గుండా బయటికి పోతున్నాయనీ, ఆ దారి మూసివేసినచో అవి లోపలికి మళ్లి ఊపిరితిత్తులనో మెదడునో పట్టుకొంటాయనీ అప్పటి నమ్మకం. అందుచేత చర్మంపై మందు రాయుటకు పెక్కుమంది వైద్యులు జంకేవారు. రోగికి రక్తం తీసేవారు, విరేచనాలకు ఇచ్చేవారు. ఎగ్జిమా మానే లోపల ఆ రసాలు పోవుటకు వేరొక దారి ఉండవలెనని కొందరు చేతిమీదనో కాలిమీదనో కావలెనని పుండు చేసి, దానిని మానకుండ ఉంచేవారు. రోగి దురదతో రాత్రులు నిద్రలేక కృశించిపోతున్నా, అది అతని మేలుకే అనే సమాధానం సిద్ధంగా ఉండేది. ఈ నమ్మకం తొలగిపోవుటతోనే తీవ్రమైన ఎగ్జిమా గల పెద్దవారికి ఆసుపత్రులలో నిజమైన చికిత్స మొదలైనది.

ఎగ్జిమా అనేది గ్రీకు మాట. పొంగి బయటికి వచ్చుట అని దాని అర్థం. 6వ శతాబ్దంలో అమిడా నగరవాసి ఏషియస్ అనే వైద్యుని గ్రంథంలో ఈ మాట కనపడుతుంది. పొయ్యిమీది పాలు పొంగినట్లు చర్మం చిన్న చిన్న పొక్కులుగా లేచుట చూచినవారికి ఈ పేరు ఎందుకు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగు దేశంలో దీనిని కొందరు తామర అంటారు, కొందరు గజ్జి అంటారు. రెండూ సరికాదు. తామర ఒక జాతి బూజు వలన కలుగుతుంది. గజ్జి కంటికి కనీకనపడని ఒక పురుగు చర్మంలో సొరంగం తొలుచుటవలన కలుగుతుంది. ఈ రెండూ ఒకరినుండి మరొకరికి అంటుకొంటాయి. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. ఆయుర్వేదంలో దద్రువు, పామ, విచర్చిక అని మూడు వేరు వేరు పేర్లు ఉన్నవి. వీటిలో విచర్చిక లక్షణాలు ఎగ్జిమాకు దగ్గరగా ఉంటాయి. ఇట్టి పేర్ల గందరగోళం తెలుగువారికే ప్రత్యేకం కాదు. యూరపులోని వైద్యులు కూడ గజ్జిని ఎగ్జిమానుండి విడదీయుటకు చాల కాలం పట్టినది. అది విడివడిన తరువాతనే ఎగ్జిమా సంగతి తేలినది.

చర్మవ్యాధికి ఆసుపత్రిలో పడక ఎందుకని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. ఎగ్జిమా సాధారణంగా మోచేతి మడతలోనో, మోకాలి వెనుకనో, చేతులమీదనో ఉండి బాధపెడుతుంది. అయితే కొందరిలో అది శరీరమంతటా వ్యాపిస్తుంది. చర్మం నఖశిఖపర్యంతం ఎర్రబడి, పొట్టు రాలి, రసి కారుతుంది. పెద్దమనిషి చర్మపు వైశాల్యం సుమారు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లు. అంత మేరా రక్తనాళాలు వ్యాకోచించినప్పుడు శరీరంలోని వేడి నిలువదు. రోగి ఎండాకాలంలో కూడ వణకుతాడు. నీరు ఆవిరైపోతుంది. రాలిపోయే పొట్టుతోను, కారిపోయే రసితోను మాంసకృత్తులు నష్టమవుతాయి, కాళ్లు వాస్తాయి. చర్మానికి అదనంగా రక్తం పంపవలసి వచ్చుటచేత వృద్ధులలో గుండె అలసిపోతుంది. చర్మం చిట్లినచోటునుండి సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించవచ్చు. ఇట్టి స్థితిలో ఉన్నవానిని ఇంటికి పంపి లేపనం రాసుకొమ్మని చెప్పుట ఎంతమాత్రం తగదు.

చర్మవ్యాధులను క్రమబద్ధంగా పరిశీలించినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు రాబర్ట్ విలన్. ఇతడు 1783 నుండి లండనులోని కేరీ వీధి ధర్మవైద్యశాలలో పేదలకు వైద్యం చేసినాడు. పొక్కు, బుడిపె, పొలుసు, మచ్చ మున్నగు కంటికి కనపడే గుర్తులను బట్టి వ్యాధులను తరగతులుగా విభజించినాడు. 1812లో విలన్ మరణించగా, అతని శిష్యుడు థామస్ బేట్మన్ ఆ పనిని కొనసాగించి 1813లో గ్రంథం ప్రకటించినాడు. అందులో ఎగ్జిమాకు ఎండవేడి, పాదరసం వంటి బాహ్య కారణాలు చెప్పబడినవి. ఇది మంచి ఆరంభమే. కాని ధర్మవైద్యశాలలో రోగి మందు తీసికొని ఇంటికి పోయేవాడు. వ్యాధి రోజురోజుకు ఎట్లు మారుతున్నదో చూచుటకు పడకలు కావలెను.

పడకలు పారిస్‌లో ఉన్నవి. 1607లో నాలుగవ హెన్రీ రాజు ప్లేగు రోగులకొరకు ఊరిబయట సెయింట్ లూయీ ఆసుపత్రికి పునాది వేసినాడు. 1801లో దానిని చర్మరోగులకు ప్రత్యేకించినారు. అక్కడ నియమితుడైన అలిబర్ మంచి వక్త. ఆసుపత్రి తోటలోని చెట్లక్రింద రోగులను నిలబెట్టి ఉపన్యాసాలిచ్చేవాడు. వినుటకు పరదేశాలనుండి కూడ విద్యార్థులు వచ్చేవారు. చర్మవ్యాధులన్నీ ఒక మహావృక్షపు కొమ్మలని అతడు బొమ్మ గీయించినాడు. ఆ చెట్టు చూచుటకు ముచ్చటగానే ఉంటుంది గాని, రోగికి దానివలన ఒరిగినది తక్కువ. ఆసుపత్రిలో గంధకపు స్నానాలు, ఆవిరిపట్టుటలు చాల జరిగేవి. దుష్టరసాల సిద్ధాంతాన్ని మాత్రం అలిబర్ వదలలేదు.

అదే ఆసుపత్రిలో ఒక విచిత్రం జరిగినది. గజ్జికి కారణం ఒక పురుగని చాలకాలంగా కొందరు చెపుతున్నా, రుజువు దొరకలేదు. 1812లో గాలెస్ అనే అతడు ఆ పురుగును పట్టినానని ప్రకటించి కీర్తి పొందినాడు. అతడు చూపినది జున్నులో ఉండే పురుగని తరువాత బయటపడినది. దానితో పురుగన్న మాట ఎత్తినవారినల్లా అందరు నవ్వసాగినారు. 1834లో కార్సికా ద్వీపంనుండి వచ్చిన రెనుచ్చి అనే వైద్యవిద్యార్థి, తన ఊరి పల్లెటూరి స్త్రీలు చేసేవిధంగా, సూదిమొనతో రోగి చర్మంనుండి పురుగును తీసి అందరి ఎదుట చూపినాడు. ప్రొఫెసర్లు భూతద్దాలతో వెదకి కనుగొనలేనిది పల్లె స్త్రీలకు ఏనాటినుండియో తెలుసునన్నమాట.

ఈ రుజువును ఎగ్జిమా చికిత్సదాకా తీసికొనిపోయినవాడు ఫెర్డినాండ్ హెబ్రా. ఇతడు 1816లో, నేటి చెకియా దేశంలోని బ్రనో నగరంలో జన్మించినాడు. 1841లో వియన్నాలో వైద్యపట్టం పొంది, అక్కడి సాధారణ ఆసుపత్రిలో ష్కోడా అనే ప్రసిద్ధ వైద్యుని క్రింద చేరినాడు. ష్కోడా విభాగం నిజానికి ఊపిరితిత్తుల వ్యాధులది. దానికి తోకవలె చర్మరోగుల గదులు తగిలించబడి ఉండేవి. వాటిలో అధికభాగం గజ్జి రోగులే. ఆ గదులలో పనిచేయుట ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ఎవరూ కోరని ఆ గదులను ష్కోడా సలహాపై హెబ్రా తీసికొన్నాడు.

హెబ్రా మొదట గజ్జిని పట్టినాడు. పురుగును చంపితే రోగం పోతున్నది. పురుగును ఆరోగ్యవంతుని చర్మంపై వదలితే రోగం వస్తున్నది. తన శరీరంపైనే ఈ ప్రయోగం చేసికొన్నాడు. రక్తంలోని దోషం ప్రసక్తి ఎక్కడా లేదు. 1844లో ఈ ఫలితాలను ప్రకటించినాడు. కాని ఈ రోగులను చూస్తున్నప్పుడు అతనికి మరొకటి కనపడినది. గజ్జి రోగులు గోకి గోకి చర్మాన్ని పాడుచేసికొన్నచోట పొక్కులు, రసి, పెచ్చులు ఏర్పడుతున్నవి. అవి ఎగ్జిమాకు ఏమాత్రం భేదం లేకుండ ఉన్నవి. అయితే ఎగ్జిమాను లోపలి దోషం అవసరం లేకుండ బయటినుండి పుట్టించవచ్చునా?

దీనికి అతడు వాడినది నేపాళపు నూనె. విరేచనానికి ప్రసిద్ధమైన ఈ గింజ మనవారికి కొత్తది కాదు. దాని నూనెను ఆరోగ్యవంతమైన చర్మంపై కొంచెం రాయగా మొదట ఎర్రదనం, తరువాత బుడిపెలు, పొక్కులు, అవి చిట్లి రసి, ఆపైన పెచ్చులు, చివరకు పొలుసు—ఇట్లు వరుసగా వచ్చినవి. పూర్వులు వేరు వేరు వ్యాధులని పేర్లుపెట్టినవన్నీ ఒకే వ్యాధి యొక్క దశలని దీనితో తేలినది. విలన్ తరగతులలో పొక్కులది ఒకచోట, బుడిపెలది ఒకచోట, పొలుసులది ఇంకొకచోట ఉండేవి. హెబ్రా వాటిని ఒకచోటికి చేర్చినాడు. మరొక విశేషం కూడ అతడు గమనించినాడు. కొందరిలో నూనె రాసినచోటనే గాక, దూరంగా రాయని చోటకూడ ఎగ్జిమా లేచినది. ఒకచోటి ఉద్రేకం చర్మమంతటినీ కదిలించగలదన్నమాట. దీని అంతరార్థం తెలియుటకు ఇంకొక శతాబ్దం పట్టినది.

పరిశీలన ఇట్లుండగా, చికిత్సకు ధైర్యం వచ్చినది. బయటినుండి వచ్చిన దానిని బయటినుండియే మాన్పవచ్చును. హెబ్రా వార్డులో రోగులకు పైపూత మందులే ప్రధానం. రసి కారుతున్న చోట ఒక ప్రత్యేక లేపనం వాడేవాడు. లెడ్ ఆక్సైడును ఆలివ్ నూనెతో ఉడికించి తయారుచేసిన ఈ లేపనానికి హెబ్రా పేరే నిలిచినది. దానిని గుడ్డమీద దట్టంగా పరచి అవయవానికి చుట్టి కట్టు కట్టేవారు. చర్మం మందమై గట్టిపడినచోట మెత్తని సబ్బుతో గట్టిగా రుద్ది, కడిగి, తారు పూసేవారు. చన్నీటి ధారలు, తడిగుడ్డలు వాడేవారు. చేతి ఎగ్జిమాకు రబ్బరు గుడ్డ తొడిగించేవారు. లోపలికి మందులు ఇచ్చుట తక్కువ. ఇట్లు ఎగ్జిమా మానినవారిని తిరిగి తిరిగి పరీక్షించగా ఎవరికీ ఊపిరితిత్తులు చెడలేదు, మతి పోలేదు. దుష్టరసాల సిద్ధాంతానికి ఇంతకంటె పెద్ద దెబ్బ లేదు. సీసం చర్మం గుండా శరీరంలో చేరి విషమవుతుందనే భయంచేత ఆ లేపనం తరువాతి కాలంలో మూలపడిన మాట నిజమే. కాని మందు పోయినా, కట్టు కట్టే పద్ధతి పోలేదు.

వియన్నాలో అవి గొప్ప రోజులు. 1847లో అదే ఆసుపత్రిలో సెమ్మెల్వైస్, ప్రసవించిన స్త్రీలను చంపుతున్న జ్వరానికి వైద్యుల మురికి చేతులే కారణమని కనుగొన్నప్పుడు, ఆ సంగతిని డిసెంబరులో మొదట అచ్చువేసినది హెబ్రాయే. ఇద్దరూ వేరు వేరు వార్డులలో ఒకే రకపు నమ్మకంతో తలపడినారు. సెమ్మెల్వైస్ ఓడిపోయి పిచ్చాసుపత్రిలో మరణించినాడు. హెబ్రా మాత్రం 1849లో ప్రొఫెసరైనాడు. అతని శిష్యులు యూరపు, అమెరికాలలో చర్మవైద్య శాఖలు స్థాపించినారు.

హెబ్రా వార్డులో చూపరులను ఆశ్చర్యపరచినది నీటిపడక. ఒక పెద్ద తొట్టిలో గుడ్డపట్టీలతో చేసిన పడకను వేలాడదీసి, రోగిని దానిపై పరుండబెట్టి నీటిలోకి దించేవారు. నీరు ఎల్లప్పుడు ఒకే వేడిమిలో ఉండేటట్లు మార్చుతూ ఉండేవారు. రోగి తినుట, నిద్రించుట అంతా అందులోనే. కాలినవారు, ఒళ్లంతా బొబ్బలెక్కిన చర్మరోగులు ఈ తొట్టిలో వారాలు, నెలలు గడిపినారు. చర్మమే లేనివానికి పక్కబట్ట తగిలినా నరకం. నీరు ఒక్కటే అతనికి బాధ కలిగించని పరుపు.

1880లో హెబ్రా మరణించగా, అతని అల్లుడు కపోసి ఆ స్థానానికి వచ్చినాడు. 1887లో కపోసి ఒక భయంకర పరిణామాన్ని వర్ణించినాడు. ఎగ్జిమా ఉన్నవారిలో ఉన్నట్టుండి తీవ్రజ్వరంతో మశూచికం వంటి పొక్కులు మూకుమ్మడిగా లేస్తాయి. ఇది పెదవిపై జ్వరపు పొక్కు కలిగించే హెర్పిస్ వైరసు పని అని తరువాత తెలిసినది. సామాన్యునికి నాలుగు రోజులలో పోయే పొక్కు, చిట్లిన చర్మం కలవానికి ప్రాణాంతకం కాగలదు. మశూచికపు టీకా వాడుకలో ఉన్న కాలంలో ఎగ్జిమా రోగులకు టీకా వేయరాదనుటకు కారణం ఇట్టిదే. టీకాలోని వైరసు వారి చర్మమంతటా పాకేది.

హెబ్రా తరువాత జర్మనీలో మందుల తయారీ ఒక కళగా పెరిగినది. హాంబర్గులో ఉన్నా, బెర్లినులో లాస్సార్ ఇందులో ప్రముఖులు. లాస్సార్ పేరుతో నేటికీ ఉన్న ముద్దలో జింకు ఆక్సైడు, పిండి, వాజలీను ఉంటాయి. అది రసిని పీల్చుకొంటుంది, చర్మాన్ని చల్లబరుస్తుంది. ఉన్నా వియన్నాలో హెబ్రా, కపోసీల వద్ద నేర్చినవాడు. 1880 తరువాత హాంబర్గులో సొంత చర్మవైద్యశాల నడపినాడు. జింకు, జిలాటినుల కట్టు అతనిదే. చర్మానికి నూనె, నీరు రెండూ కావలెనని గ్రహించి, ఉన్నిలోని కొవ్వునుండి తీసిన పదార్థంతో నూనెలో నీటిని నిలిపే లేపనాన్ని ప్రోత్సహించినాడు. 1911లో వెలువడిన నీవియా క్రీము దానినుండి వచ్చినదే. ముఖసౌందర్యానికి వాడుతున్నవారిలో ఎందరికి తెలుసును, ఇది చర్మరోగుల వైద్యశాలలో పుట్టినదని!

ఇంతవరకు విజయం బాహ్యకారణ వాదులది. కాని పారిస్‌వారు ఊరుకొనలేదు. సెయింట్ లూయీలో బెస్నియే 1892లో ఒక సంగతి ఎత్తి చూపినాడు: చిన్నతనంనుండి దురదతో బాధపడే కొందరికి ఉబ్బసం, గడ్డిజ్వరం కూడ ఉంటున్నవి, వారి కుటుంబాలలో కూడ ఉంటున్నవి. అంతకు ఏడాది ముందే బ్రాక్, జాకే అనేవారు ఇట్టి రోగులలో దురదే ముందు వస్తుందనీ, గోకుటవలన చర్మం తరువాత చెడుతుందనీ చెప్పినారు. 1923లో అమెరికాలో కోకా, కుక్ ఈ కుటుంబ లక్షణానికి అటోపి అని పేరు పెట్టగా, 1933లో వైజ్, సల్జ్‌బెర్గర్ ఈ రకపు ఎగ్జిమాను అటోపిక్ డెర్మటైటిస్ అన్నారు. మరొక రకం, నికెలు లోహం, సిమెంటు, కొన్ని మందులు తగులుటవలన కలిగేది. అనుమానించిన పదార్థాన్ని వీపుపై అంటించి, పట్టీ వేసి, రెండు రోజుల తరువాత చూచే పరీక్షను 1895లో యాడసోన్ ప్రవేశపెట్టినాడు. ఆసుపత్రిలో పెద్దవారి ఎగ్జిమాకు ఈ పరీక్ష ముఖ్యమైన అంగమైనది. బయటి కారణం దొరికితే దానిని తప్పించవచ్చును. దొరకకపోతే బెస్నియే చెప్పిన రోగి అని ఊహించవలెను.

20వ శతాబ్దపు మొదటి సగంలో చర్మవార్డు ఎట్లుండేదో ఊహించుట కష్టం కాదు. ఉదయం పర్మాంగనేటు కలిపిన గులాబిరంగు నీటితో స్నానం. తరువాత నర్సులు రోగిని నిలబెట్టి మెడనుండి పాదాలదాకా జింకు ముద్దో, తారో పూయుట. దానిపై గొట్టపు గుడ్డ తొడుగుట. తారు వాసన వార్డంతా నిండి ఉండేది. పక్కదుప్పట్లు నల్లబడేవి. సాయంకాలం మరల అదే పని. ఒక్క రోగికి ఎంతో సమయం పట్టేది. ఇది వైద్యులకంటె నర్సుల శాస్త్రం అనుట సబబు. ఇట్లు వారాల తరబడి చేయగా చాలమందికి నెమ్మదించేది. ఇంటికి పోయిన కొంతకాలానికి మరల తిరిగి వచ్చేవారూ ఉన్నారు. పడకలో ఏమి జరిగినది? ఇంటి దుమ్ము, పని చేసేచోటి రసాయనాలు దూరమైనవి. విశ్రాంతి దొరికినది. గోకుటకు వీలులేకుండ కట్లు కట్టబడినవి. పూయవలసిన మందు పూయవలసినంత, పూయవలసిన వేళకు పూయబడినది. ఈ చివరిది చిన్న విషయం కాదు. వీపంతా ఎగ్జిమా ఉన్న ఒంటరి మనిషి ఇంటివద్ద తన వీపుకు తానే మందు రాసుకొనగలడా?

1949లో అమెరికాలోని మేయో వైద్యశాలలో హెంచ్, కెండల్ కార్టిసోనుతో కీళ్లవాత రోగులను లేపి నడిపించినారని లోకమంతా తెలిసినది. అధివృక్క గ్రంథుల ఈ హార్మోను వాపును అణచగలదు. 1950లో వారికి, స్విట్జర్లండుకు చెందిన రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమానం వచ్చినది. చర్మవైద్యులు వెంటనే కార్టిసోనును లేపనంగా చేసి రాసి చూచినారు. పనిచేయలేదు! కారణం ఇది: కార్టిసోను అట్లే పనిచేయదు, ముఖ్యంగా కాలేయంలో హైడ్రోకార్టిసోనుగా మారిన తరువాతనే పనిచేస్తుంది. చర్మానికి ఆ మార్పు చేసే శక్తి చాల తక్కువ. 1952లో న్యూయార్కులో సల్జ్‌బెర్గర్, విట్టెన్ నేరుగా హైడ్రోకార్టిసోనునే లేపనంగా వాడినారు. ఎగ్జిమా అణగినది. వాసన లేదు, మరక లేదు. నెలలు పట్టే పని రోజులలో జరిగినది.

హైడ్రోకార్టిసోను అణువును కొంచెం కొంచెం మార్చి మరింత బలమైన మందులు తయారుచేసినారు. ఏది ఎంత బలమైనదో తెలియుటకు 1962లో మెకెంజీ, స్టౌటన్ సులువైన పరీక్ష కనుగొన్నారు. మందు రాసినచోట రక్తనాళాలు ముడుచుకొని చర్మం తెల్లబడుతుంది. ఎంత తక్కువ మోతాదుతో తెల్లబడితే మందు అంత బలమైనది. హెబ్రా రబ్బరు గుడ్డ కూడ పాలిథీను రేకు రూపంలో తిరిగి వచ్చినది. మందు రాసి దానితో మూసితే చాల ఎక్కువగా లోపలికి పోతున్నది.

లోపలికి పోవుటలోనే చిక్కు ఉన్నది. బలమైన మందు నెలల తరబడి వాడితే చర్మం సిగరెట్టు కాగితంవలె పలుచబడుతుంది, చారలు పడుతుంది. ఒళ్లంతా రాస్తే మందు రక్తంలో చేరి, రోగి సొంత అధివృక్క గ్రంథులు పని మానుకొంటాయి. మాత్రల రూపంలో ఇచ్చినప్పుడు ఇది మరింత తీవ్రం. మందు ఆపిన వెంటనే ఎగ్జిమా ముందుకంటె ఉగ్రంగా ఎగసిపడి, రోగి మరల ఆసుపత్రికే చేరుట వైద్యులందరికీ అనుభవమే. దుకాణంలో అడిగి కొని తెల్లదనానికని ముఖానికి రాసుకొనే దురలవాటు మన దేశంలో ఎంతగా పెరిగినదంటే, 2018లో భారత ప్రభుత్వం 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేయవలసి వచ్చినది.

అందుచేత తీవ్రరోగులకొరకు వేరొక మందు వెదకవలసి వచ్చినది. ఇక్కడ ఒక తెలుగువాని పేరు వస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించినారు. ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన రసాయనాలు అక్కడ తయారైనవి. ఆ కుటుంబంలోనిదే మెథోట్రెక్సేటు. రక్తకేన్సరు కొరకు పుట్టిన ఈ వర్గపు మందు సోరియాసిస్‌కు ఉపయోగపడుతుందని 1951లో తెలిసినది. క్రమంగా తీవ్రమైన ఎగ్జిమాకు కూడ వారానికి ఒకసారి చిన్న మోతాదులో వాడుక వచ్చినది. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూసినారు. తమ పని చర్మవార్డులకు చేరుట వారు చూడలేదు.

నార్వే మట్టిలోని ఒక శిలీంధ్రంనుండి సైక్లోస్పోరిను లభించినది. అవయవాల మార్పిడిలో శరీరం కొత్త అవయవాన్ని త్రోసివేయకుండ ఆపే మందు ఇది. టీ కణాలు అనే తెల్లరక్తకణాలను అణచుతుంది. 1991లో బ్రిటనులో 33 మంది పెద్దవారిపై జరిగిన పరీక్ష ప్రసిద్ధమైనది. వారంతా ఇతర చికిత్సలకు లొంగనివారు. 8 వారాలు మందు, 8 వారాలు మందులేని ఉత్త గొట్టాలు ఇచ్చినారు. ఏది ఎప్పుడు ఇస్తున్నదీ రోగికిగాని వైద్యునికిగాని తెలియదు. మందు తీసికొన్న కాలంలో ఎగ్జిమా స్పష్టంగా తగ్గినది. అయితే ఈ మందు మూత్రపిండాలను చెరుపవచ్చును, రక్తపు పోటు పెంచవచ్చును. ఎల్లకాలం వాడదగినది కాదు. అయినను ఒక సంగతి తేలినది. టీ కణాలను అణచినచో ఎగ్జిమా అణగుతున్నదంటే, లోపలి కారణం కూడ ఉన్నదన్నమాట. అది దుష్టరసం కాదు, దారితప్పిన రక్షకశక్తి.

మరి హెబ్రా చెప్పినది? 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్లీన్ బృందం ఒక జన్యువును చూపినది. బాహ్యచర్మపు పైపొరను గట్టిపరచుటకు ఫిలాగ్రిను అనే మాంసకృత్తి కావలెను. అది విడిపోగా ఏర్పడే పదార్థాలు చర్మంలో తేమ నిలుపుతాయి. ఈ జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం హెచ్చు. యూరపు సంతతివారిలో సుమారు 9 శాతం మందికి అట్టి లోపం ఉన్నట్లు వారు కనుగొన్నారు. పైపొర బలహీనమైన గోడ అనుకొంటే, సబ్బు, దుమ్ము, సూక్ష్మజీవులు ఆ పగుళ్ల గుండా చొరబడుతాయి. లోపలి రక్షకకణాలు వాటిపై అతిగా విరుచుకుపడుతాయి. ఆ వాపు గోడను మరింత బలహీనపరుస్తుంది. వియన్నావారు గోడను చూచినారు, పారిస్‌వారు లోపలి కాపలాదారులను చూచినారు.

ఆ కాపలాదారులు ఒకరికొకరు పంపుకొనే రసాయన సందేశాలను ఆపే మందులు తరువాత వచ్చినవి. మొదటిది డుపిలుమాబ్. ఇంటర్లూకిను 4, 13 అనే రెండు సందేశాలు అందే ద్వారాన్ని ఇది మూసివేస్తుంది. 2016లో ప్రకటించిన రెండు పెద్ద పరీక్షలలో 16 వారాలకు చర్మం పూర్తిగానో, దాదాపుగానో శుభ్రపడినవారు 38, 36 శాతం. ఉత్త సూది పొందినవారిలో 10, 8 శాతం. 2017లో అమెరికాలో అనుమతి లభించినది. రెండు వారాలకు ఒకసారి సూదిమందు. రోగి ఇంటివద్దనే వేసికొనవచ్చును. తరువాత మింగే మందులు కూడ వచ్చినవి. ధర మాత్రం సామాన్యునికి అందేది కాదు. మూడింట రెండు వంతుల మందికి చర్మం అంతగా శుభ్రపడలేదన్న సంగతి కూడ ఆ అంకెలలోనే ఉన్నది.

ఈ మార్పులవలన చర్మరోగులకు ప్రత్యేకించిన పడకలు పెక్కు దేశాలలో తగ్గిపోయినవి. 1863లో లండనులో స్థాపించిన సెయింట్ జాన్ చర్మవైద్యశాల కూడ ప్రత్యేక ఆసుపత్రిగా మిగలక, పెద్ద ఆసుపత్రిలో ఒక విభాగంగా కలిసిపోయినది. కపోసి వర్ణించిన హెర్పిస్ జ్వరానికి ఎసైక్లోవిర్ అనే మందు ఉన్నది. సమయానికి నరంగుండా ఎక్కిస్తే రోగి బ్రతుకుతాడు. దానికొరకు, రక్తంలో సూక్ష్మజీవులు చేరినప్పుడు, ఒళ్లంతా ఎర్రబడి రోగి వణకుతున్నప్పుడు పడక తప్పదు. అక్కడ మందుల పట్టికలో కొత్త పేర్లు ఉండవచ్చును. కాని సాయంకాలం నర్సు వచ్చి రోగి ఒంటికి వాజలీనో, తేలిక స్టెరాయిడో పూసి, దానిపై గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గొట్టపు గుడ్డ ఒకటి, ఆపైన పొడిది ఒకటి తొడుగుతుంది. తడిగుడ్డలోని నీరు నెమ్మదిగా ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. గోళ్లు చర్మానికి తగలవు. ఆ రాత్రి రోగి నిద్రపోతాడు.